మగపెళ్ళివారి బంతిలో నేను పాడిన పాట

మా ఆయన మాటకారి. తిరువూరు బస్టాండుకు కాస్త ఎగువన ఆయన కుట్టు దుకాణం ఉండేది. బట్టలు కుట్టించుకునేవాళ్ళకంటే ఊరికే బల్ల మీద కూర్చుని ఆయన కబుర్లు వినేవాళ్ళే ఎక్కువ. కొలత తీస్తూ "ఛాతీ ముప్పై ఆరు, పొట్ట నలభై, ఇక దేవుడే దిక్కు!" అని వీధికంతా వినబడేలా అరిచేవాడు. ఆ పొట్టాయన కూడా పడీపడీ నవ్వేవాడు.

పక్కనే ఎరువుల కొట్టు. రెంటికీ మధ్య చెక్కగోడ. ఆ కొట్టాయనా మా ఆయనా రోజూ ఒక టీని రెండు గ్లాసుల్లో పోయించుకుని తాగినవాళ్ళు. నేనాయన్ని నోరారా అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఇప్పుడా మాట రాయాలన్నా చెయ్యి కదలడం లేదు.

మా ఇంటి ముందుగదిలో హైస్కూలు మాస్టారొకరు అద్దెకుండేవారు. అమెరికా వాళ్ళు ఊరికే పంపే నున్నటి కాగితాల పుస్తకం ఒకటి ఆయనకు పోస్టులో వచ్చేది. చివరికవి వీధిలో పిల్లల నోటుపుస్తకాలకు అట్టలయ్యేవి. ఈలోగా అందులో ఉన్నదంతా మాస్టారు తెలుగులో చెబుతుంటే నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేదాన్ని. ఒకసారి ఒక బొమ్మ చూపించారు. ఒకాయన అట్ట మీద ఏదో రాసి పట్టుకుని నిలబడ్డాడు, వెనకాల పోలీసు.

"వాళ్ళ ప్రెసిడెంటును తిడుతూ రాశాడు. ప్రెసిడెంటు ఇంటి ముందే నిలబడ్డాడు" అన్నారు మాస్టారు.

"సాయంత్రానికి ఇంటికెళ్ళాడా?" అన్నాడు మా ఆయన.

"వెళ్ళాడు. అక్కడ అనుకున్నది అనొచ్చు."

"ఏదైనానా?"

"ఏదైనా కాదు. పక్కింటివాడి మీద అబద్ధం ప్రచారం చేస్తే కోర్టుకీడుస్తారు. నిజమైతే ఏమీ చెయ్యలేరు. ఇంకో సంగతుంది, ఇది ఈ పుస్తకంలో రాయరు. సర్కారు జైల్లో పెట్టకపోయినా, నోరు జారినందుకు ఉద్యోగాలు పోయినవాళ్ళు అక్కడా ఉన్నారు. ఫలానా పార్టీ వాడేమోనని అనుమానమొస్తే చాలు, ఒకప్పుడు మేష్టర్లనే ఇంటికి పంపారట."

"అంటే అక్కడా నోటికి బొత్తాం ఉందన్నమాట. కాకపోతే కాస్త వదులుగా కుట్టారు" అన్నాడు మా ఆయన.

ఆ తరవాత ఎమర్జెన్సీ వచ్చింది. జనం బస్సులో కూడా పక్కవాణ్ణి ఎగాదిగా చూసి మాట్లాడుతున్నారు. మా ఆయనకు ఆ జాగ్రత్త ఎక్కడిది? ఒక పొద్దున దుకాణం నిండా జనం ఉండగా టేపు మెడలో వేసుకుని, "పైనుంచి ఆర్డరొచ్చిందర్రా, ఊళ్ళో నోళ్ళన్నీ కుట్టెయ్యాలట. ఎవరి నోటి కొలత వాళ్ళిచ్చి పొండి" అన్నాడు. అందరూ నవ్వారు. అంతే ఆయన చేసిన నేరం.

మధ్యాహ్నం అన్నం వేళకు కానిస్టేబులు వచ్చి తీసుకుపోయాడు.

నేను క్యారేజీ పట్టుకుని స్టేషనుకు వెళ్ళేసరికి ఎరువుల కొట్టాయన ఎస్సై ఎదురుగా బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎస్సై నన్ను చూసి, "ఈయన చెప్పబట్టి సరిపోయిందమ్మా, లేకపోతే నీ మొగుడి వాగుడు ఊరంతా పాకేది" అన్నాడు. కొట్టాయన నా వైపు చూడలేదు. టీ మాత్రం అడుగంటా తాగాడు.

తొమ్మిది రోజులు ఉంచారు. కొట్టారో లేదో మా ఆయన నాకు ఈనాటికీ చెప్పలేదు. తిరిగొచ్చాక కొలతలు కాగితం మీద రాసుకునేవాడు గానీ పైకి చదివేవాడు కాదు. బల్ల ఖాళీ అయింది. ఇంట్లో ఉప్పు తగ్గినా అడిగేవాడు కాదు. బతికున్న మనిషి గొంతు తీసుకుపోయి ఎక్కడో దాచినట్టయింది. ఆ గొంతుకు బదులు తీర్చుకోకుండా చావకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను.

మరుసటి ఎండాకాలం ఆ కొట్టాయన కొడుక్కి సంబంధం కుదిరింది. ఎక్కడ? పెనుగొలనులో. అది నా పుట్టినూరు. పెళ్ళికూతురు మా వదిన కూతురు. దేవుడున్నాడనుకున్నాను.

మా వైపు పెళ్ళి మర్నాడు మధ్యాహ్నం మగపెళ్ళివారిని బంతికి కూర్చోబెట్టి, ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు వాళ్ళను ఎగతాళి చేస్తూ పాడతారు. వియ్యంకుడి పిసినారితనం, వియ్యపురాలి నడక, దేన్నీ వదలరు. ఎంత ఘాటుగా పాడినా వాళ్ళు నవ్వాల్సిందే. కోపం తెచ్చుకుంటే పరువు తక్కువ. విస్తరి ముందునుంచి లేచిపోతే తరతరాలు చెప్పుకుంటారు. జవాబివ్వాలంటే పాటతోనే ఇవ్వాలి. పెనుగొలనులో ఆ పాటలు కట్టేది నేనే.

నేను వంటింట్లో కొత్త పాట గొణుక్కుంటుంటే మాస్టారు విని హడలిపోయారు.

"అక్కయ్యగారూ, రోజులు బాగాలేవు. పెళ్ళికి ఎస్సై కూడా వస్తున్నాడట."

"మీరే అన్నారుగా మాస్టారూ, నిజమైతే ఏమీ చెయ్యలేరని."

"అది అమెరికాలోనమ్మా!"

"అయితే పెనుగొలనులో చూద్దాం."

ఆయన తల పట్టుకుని, "కనీసం కళ్ళారా చూసిందీ చెవులారా విన్నదీ మాత్రమే పాడండి. ఊహించింది ఒక్క ముక్క కలిపినా మీకూ ఆ కొట్టాయనకూ తేడా ఉండదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

బంతి కూర్చుంది. కొట్టాయన పక్క విస్తరిలో ఎస్సై. వడ్డన పప్పు దాకా వచ్చింది. నేను ముందు రెండు మామూలు పాటలు పాడాను. కొట్టాయన మీసం దువ్వుకుంటూ నవ్వాడు. మూడోది ఎత్తుకున్నాను.

*మా ఇంటి వియ్యంకుడి చెవులు గొప్పవమ్మా,*
*చెక్కగోడ అవతలి నవ్వు చక్కగా వినునమ్మా.*
*పొద్దున్న విన్న మాట పొద్దు వాలకముందె*
*ఠాణా గుమ్మంలోన దించి వచ్చునమ్మా.*
*బావగారు లోపల, తాను బల్ల పైన,*
*వేడి వేడి టీనీళ్ళు ఊది తాగునమ్మా.*
*వారం తిరిగేసరికి వాకిట్లో బండి,*
*బండి మీద సిమెంటు బస్తాలు దిగెనమ్మా.*

సర్కారు పర్మిటు లేనిదే సిమెంటు ఇవ్వని, ఆ పర్మిటు ఎవరికీ దొరకని రోజులవి. బస్తాలు దిగడం నేను చూశాను. ఎందుకు దిగాయో పాటలో చెప్పలేదు. విన్నవాళ్ళు చెప్పుకున్నారు.

ముందు పిల్లలు నవ్వారు. తరవాత మగపెళ్ళివారిలోనే ఒక ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఇక పందిరి ఆగలేదు. కొట్టాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. లేవలేడు, కోప్పడలేడు. ఆయన అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు తప్ప ఒక్కరికీ జవాబు పాట రాలేదు. ఎస్సై కూడా నవ్వబోయి, సగంలో తెలిసి, తల వంచుకుని పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆ పాటే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. రెండోసారికి మా ఊరి ఆడవాళ్ళందరూ గొంతు కలిపారు. ఇరవైమందిని ఏ వ్యానులో ఎక్కిస్తారు?

బంతి లేచాక కొట్టాయన చెయ్యి కడుక్కుంటూ నా దగ్గరికొచ్చి, "ఏం చెల్లెమ్మా, మరీ అంతలా పాడావే?" అన్నాడు. మొహం నల్లబడింది.

"వరసకు పాడానండి. తప్పేమన్నా ఉంటే చెప్పండి, ఆ ముక్క తీసేసి మళ్ళీ పాడతాను" అన్నాను.

తప్పుందని అనలేదు.

పందిట్లో ఓ మూల కూర్చుని అంతా విన్న మా ఆయన తిరుగు బస్సులో నోరు విప్పాడు. "వాడు నాకు చేసిందే నువ్వు వాడికి చేశావు. నలుగురిలో పట్టించావు."

"ఆయన మీ వెనకాల చెప్పాడు. నేను ఆయన విస్తరి ముందు నిలబడి చెప్పాను" అన్నాను.

ఆయన బస్సు టిక్కెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెచ్చుకున్నాడని అబద్ధం రాయను. మా వదిన మాత్రం, "నా పిల్ల ఆ ఇంట్లో బతకాలే తల్లీ" అని రెండేళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నా పాట పేరు చెప్పి ఆ పిల్లను అత్తవారు కొన్నాళ్ళు సాధించారని విన్నాను. అదొక్కటే నాకు ముల్లు. మిగతా దేనికీ నేను చింతించలేదు.

ఆ కొట్టాయన తరవాత ఏ పెళ్ళికి వెళ్ళినా, బంతికి కూర్చునే ముందు "ఆవిడొచ్చిందా?" అని వాకబు చేసేవాడట. వచ్చిందంటే అన్నం తినకుండానే వెళ్ళిపోయేవాడు. ఆ సంగతి నా చెవిన పడ్డాక, తిరువూరులో నన్ను పిలిచిన పెళ్ళి ఒక్కటీ మానలేదు. పిలవనివాటికి కూడా రెండుమూడింటికి వెళ్ళాను.