సప్లై లైన్ విషయంలో నేనాడిన అబద్ధం

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అదేమిటో చెబితే నవ్వుతారేమో. అట్టముక్కలతో ఆడే ఒక ఆటలో ఒక రూలు తప్పు చెప్పాను. అంతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. కానీ దానివల్ల ఒక అమ్మాయి మా ఇంట్లో అబద్ధాలకోరుగా మిగిలిపోయింది. అబద్ధం ఆడింది ఆమె కాదు, నేను. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నదాన్ని, అందులో కూడా ఈ మాట రాయలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే ధైర్యంగా ఉంది.

మాది గుణదల. మా బాబాయికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు. ఒకసారి సరుకు కోసం బెంగళూరు వెళ్లినప్పుడు అక్కడ ఎవరింట్లోనో నెపోలియన్ యుద్ధాల బోర్డు ఆట చూసి, మనసు పారేసుకుని, ఎలాగో ఒకటి సంపాదించి తెచ్చాడు. బల్లంత యూరప్ మ్యాపు. దాని మీద తేనెపట్టులాగా ఆరు మూలల గడులు. సైన్యాలకు బదులు వందలకొద్దీ చిన్న చదరపు అట్టముక్కలు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, భోజనాలయ్యాక, మేడ మీద హాల్లో ఆట మొదలయ్యేది. బాబాయికి ఎదురుగా ఆయన పక్క షాపు కోటేశ్వరరావు గారు. ఒక్కో యుద్ధం ఒక వేసవంతా సాగేది.

రూల్స్ పుస్తకం లావుగా ఉండేది. సన్నటి అక్షరాల ఇంగ్లీషు. వాళ్లిద్దరూ తెలుగు మీడియం వాళ్లు. అప్పుడు ఇంటర్ చదువుతున్న నాకు ఆ పుస్తకం అప్పగించారు. నేను దాన్ని నవల చదివినట్టు చదివాను. మొదట్లో ప్రతి వాదనకూ పుస్తకం తెరిచేవాళ్లం. ఒక ఆదివారం ఆ వాదన ముదిరి, కోటేశ్వరరావు గారు బిర్యానీ ముట్టకుండా వెళ్లిపోయారు. అప్పుడు మా పిన్ని ఒక కట్టుబాటు పెట్టింది. ఆట మధ్యలో పుస్తకం తెరవకూడదు. అమ్మాయి ఏది చెబితే అదే రూలు. అప్పట్నుంచీ అదే సాగింది.

ఆ కట్టుబాటు నాకేమిచ్చిందో మీకు చెప్పాలి. నేను నలుగురిలో నోరు విప్పలేని మనిషిని. కాలేజీలో అటెండెన్స్ పలికితే నా గొంతు ముందు బెంచీ దాకా కూడా వెళ్లేది కాదు. అలాంటి నన్ను, ఆ బల్ల దగ్గర, ఇద్దరు పెద్దవాళ్లు వాదన ఆపి మరీ అడిగేవాళ్లు. నేను నెమ్మదిగా చెప్పేదాన్ని. వాళ్లు తలాడించేవాళ్లు. బాబాయి నన్ను ‘మార్షల్ గారూ’ అని పిలిచేవాడు. వారమంతా ఆ పిలుపు కోసమే ఎదురుచూసేదాన్నని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ప్రసన్నని ఆ ఆటకి నేనే తీసుకెళ్లాను. నా క్లాస్‌మేట్. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. గట్టిగా నవ్వుతుంది, ఎవరింటికి వెళ్లినా ఆ ఇంటి మనిషైపోతుంది. వెళ్లిన రెండో వారానికే పిన్ని ఆమెకి ఇష్టమని పెరుగు పచ్చడి చేసింది. నాకు ఏది ఇష్టమో పిన్ని ఎప్పుడైనా అడిగిందా? అడగలేదు. నేను చెప్పానా? చెప్పలేదు. అయినా లెక్క ప్రసన్న ఖాతాలోనే వేశాను.

ఆట కూడా ఆమెకి వెంటనే పట్టుబడింది. నాకు రూల్స్ వచ్చు కానీ ఆట రాదు. ఓడిపోతానన్న భయంతో సైన్యాన్ని కదపను. ఆమెకి ఆ భయం లేదు. ఆ వేసవి బాబాయి, “ఈసారి ఫ్రాన్స్ ప్రసన్నకిద్దాం, నువ్వు రూల్స్ చూసుకో” అన్నాడు. డిగ్రీలో చేరినప్పట్నుంచీ నన్నూ ఆడనిచ్చేవాళ్లు, అప్పటిదాకా ఫ్రాన్స్ నాది. సరే అన్నాను. ఇంకో ఆదివారం నేను మంచినీళ్లు తెస్తుంటే, “ఏం మార్షల్ గారూ, వియన్నా మీద కన్నేశారా?” అన్న బాబాయి గొంతు వినిపించింది. నవ్వుతూ తలెత్తాను. ఆయన ప్రసన్న వైపు చూస్తున్నాడు. గ్లాసులు బల్ల మీద పెట్టాను. నీళ్లు ఒలికాయేమో గుర్తులేదు. నా నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయిందని మాత్రం గుర్తుంది.

ఇక ఆ రూలు. ఈ ఆటలో సైన్యానికి తిండి అందాలి. సైన్యం ఉన్న గడి నుంచి వెనక ఉన్న డిపో దాకా, గడి తర్వాత గడి, తెగని దారి ఒకటి ఉండాలి. దాన్నే మేం సప్లై లైన్ అనేవాళ్లం. శత్రువు గుర్రపుదళం వచ్చి దగ్గర్లో నిలబడితే, దాని చుట్టూ ఉన్న గడులన్నీ మూసుకుపోయినట్టే. దారి వాటి గుండా పోదు. దారి తెగిన సైన్యం పస్తులుండి చివరికి లొంగిపోతుంది. అయితే ఒక మినహాయింపు ఉంది. మూసుకుపోయిన గడిలో మన దళం ఏదైనా, ఎంత చిన్నదైనా, నిలబడి ఉంటే దారి తెగదు.

ఈ మినహాయింపు ప్రసన్నకి చెప్పింది నేనే. కాలేజీ నుంచి సిటీ బస్సులో వస్తూ, కిటికీ పక్కన కూర్చుని, వేలితో నా మోకాలి మీద గడులు గీసి మరీ చెప్పాను. అప్పుడింకా ఆమె మీద నాకు ప్రేమే ఉంది. “అంటే వంతెన దగ్గర ఒక్కణ్ణి కాపలా పెడితే చాలన్నమాట” అంది. “చాలు” అన్నాను. ఆ మాట మీదే ఆమె తన యుద్ధమంతా కట్టింది. ఒక చిన్న దళాన్ని డాన్యూబ్ నది వంతెన మీద వదిలేసి, మిగతా సైన్యమంతా వెంటపెట్టుకుని వియన్నా దాకా వెళ్లిపోయింది. ఆ దళాన్ని అక్కడెందుకు వదిలిందో బాబాయికీ కోటేశ్వరరావు గారికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. చాలా అందమైన ఎత్తు. నేను ఎప్పటికీ వేయలేని ఎత్తు.

ఆ ఆదివారం బాబాయి తన గుర్రపుదళాన్ని వంతెన పక్క గడిలోకి తెచ్చి చేతులు దులుపుకున్నాడు.

“అయిపోయింది తల్లీ. నీ దారి కోసేశాను. ఇక వియన్నాలో పస్తులే.”

ప్రసన్న నవ్వింది. “లేదంకుల్. వంతెన మీద మావాళ్లున్నారుగా. దారి తెగదు.”

“అదేం రూలు? మేమెప్పుడూ వినలేదే” అన్నారు కోటేశ్వరరావు గారు. “ఇంత చిన్న ముక్క పెట్టి అంత సైన్యానికి భోజనాలా? కేటరింగ్ వాళ్లా ఏంటమ్మా?”

“ఉందండీ రూలు. ఇదే చెప్పింది నాకు” అని నా వైపు చూపించింది. “చెప్పవే.”

ముగ్గురూ నా వైపు తిరిగారు. చాలా వారాల తర్వాత.

పుస్తకం నా ఒడిలోనే ఉంది. ఆ పేజీలో నా వేలు కూడా ఉంది. నేను తొందరపడలేదు. నాలుక తడబడిందని, మర్చిపోయానని మీకు చెప్పాలని ఉంది, కానీ అది నిజం కాదు. బాగా ఆలోచించుకునే చెప్పాను.

“కోట ఉన్న గడిలో అయితేనే. మామూలు వంతెన మీద కుదరదు.”

“అదేంటే, బస్సులో చెప్పావుగా. ఒక్కళ్లున్నా చాలన్నావుగా.”

“నేనలా చెప్పలేదు.”

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. ఏదో వెతుకుతున్నట్టు చూసింది. “పోనీ ఒకసారి చూద్దాం” అని పుస్తకం కోసం చెయ్యి చాపింది.

“మా ఇంట్లో ఆట మధ్యలో పుస్తకం తెరవం తల్లీ” అన్నాడు బాబాయి. ఆయన గొంతు మారింది. “అమ్మాయి మాటే పుస్తకం. ఓడిపోవడం తప్పు కాదు. లేని రూలు పుట్టించి, దాన్ని పక్కవాళ్ల మీద తోయడం బాగోదు.”

ప్రసన్న చెయ్యి వెనక్కి తీసుకుంది. వియన్నాలో ఉన్న తన అట్టముక్కలన్నీ ఒక్కొక్కటిగా ఏరి డబ్బాలో వేసింది. పిన్ని టీ తాగి వెళ్లమంటే ఇంటి దగ్గర పనుందంది. మళ్లీ రాలేదు. కాలేజీలో మాట్లాడేది, కానీ నాతో బస్సెక్కడం మానేసింది. తర్వాతి ఆదివారం బాబాయి నన్ను మళ్లీ మార్షల్ అన్నాడు. మీకు నిజం చెప్పాలి కదా. నాకు సంతోషమేసింది.

ఎందుకు చేశాను? ఆ పిలుపు కోసమా? పెరుగు పచ్చడి కోసమా? ఆమె ఓడిపోవాలనే అనుకుంటే, నిజం చెప్పినా బాబాయి మరో వారంలో ఓడించేవాడేమో. నాకు కావలసింది ఆమె ఓటమి కాదనుకుంటాను. ఆమె మాట చెల్లకూడదు, నా మాట చెల్లాలి. ఆ గదిలో నాకున్నది ఆ ఒక్కటే కాబట్టి దాంతోనే కొట్టాను.

అబద్ధానికి ఇంకో పని కూడా ఉందని తర్వాత తెలిసింది. అది మా ఇంట్లో రూలైపోయింది. ఇప్పటికీ ఆదివారాలు ఆడుతున్నాం. ఇప్పటికీ వంతెన మీద నిలబెట్టిన దళం మా బల్ల మీద ఎవరికీ పనికిరాదు. ఆట నేర్చుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్లకి బాబాయే చెబుతాడు, కోట ఉంటేనే అని. చెప్పి, “ఇదివరకు ఒకమ్మాయి వచ్చేది. తెలివైందే కానీ రూల్స్ సొంతంగా తయారుచేసేది” అంటాడు. కోటేశ్వరరావు గారు కేటరింగ్ జోకు మళ్లీ వేస్తారు. అందరూ నవ్వుతారు. నేను మ్యాపు వైపు చూస్తూ కూర్చుంటాను. నా సైన్యాలు ఎన్నిసార్లు పస్తులతో లొంగిపోయాయో. లొంగనవసరం లేదని తెలిసీ ముక్కలు తీసి డబ్బాలో వేశాను.

గుడిలో ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనానికి వెళ్తూనే ఉన్నాను. అమ్మ మీద విసుక్కున్నాననీ, ప్రార్థన బద్ధకించాననీ చెప్పుకున్నాను. ఇది మాత్రం చెప్పలేదు. ఆటలో రూలు తప్పు చెప్పానంటే ఫాదర్ గారు నవ్వుతారని సర్దిచెప్పుకునేదాన్ని. అసలు భయం వేరు. ఆయన నవ్వకుండా, వెళ్లి ఆ అమ్మాయికి చెప్పు అంటారని.

పోయిన నెల బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపులో ప్రసన్న కనిపించింది. తనే పలకరించింది. అదే గొంతు, అదే నవ్వు. ఉద్యోగం గురించి, వాళ్ల పాప గురించి చెప్పింది. తర్వాత ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“ఆరోజు మీ బాబాయి ముందు నీ పేరు లాగాను కదే. నేనే ఏదో తప్పుగా విని ఉంటాను. సారీనే. అప్పట్నుంచీ ఎవరినైనా ‘నువ్వే చెప్పావు’ అనాలంటే భయం నాకు. నా చెవుల మీద నాకే గ్యారంటీ లేదు.”

తను నవ్వుతూనే అంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు ఇక రాదు. షాపులో పెద్దగా జనం కూడా లేరు.

“పర్లేదులే” అన్నాను.

ఆమెని క్షమించి ఇంటికొచ్చాను. మొదటి అబద్ధం ఆడినప్పుడు చిన్నదాన్ని, అసూయతో కళ్లు మూసుకుపోయాయని చెప్పుకోవచ్చు. ఈ రెండోదానికి ఏం చెప్పుకోను? ఆమె తన మీద తనే నమ్మకం పోగొట్టుకుందని తెలిసింది. తెలిసీ, పోతే పోనీ అని వదిలేశాను. అప్పుడు కూడా మనసులో ఒక మూల, ఆమెకి ఉద్యోగం, పాప, ఇంత నవ్వు ఉన్నాయి, ఈ ఒక్కటి పోతే ఏమవుతుందిలే అనిపించింది. ఇన్నేళ్లయినా ఆ అసూయ తగ్గలేదు.

బాబాయికి చెప్పలేదు. ప్రసన్నకీ చెప్పలేదు. చెబుతానని మాటివ్వను. నా మాటకి ఎంత విలువో మీకు తెలిసిపోయింది. మీరు నన్ను క్షమించాలనీ అడగను, అది మీ చేతిలో లేదు.

ప్రసన్న సరిగ్గానే విన్నది. ఆ మాట చెప్పింది నేనే. తెలిసే కాదన్నాను.

ఈ మూడు వాక్యాలు రాసి, లేచి మొహం కడుక్కొచ్చి, మళ్లీ చదివాను. కొట్టేయలేదు.