తమ్ముడి నంబరు వేసిన డబ్బా

“నువ్వు తెచ్చిచ్చిన చీటీ చూసే కదా వదినా, కాళ్ల వాపుకి రెండేళ్లు ఉప్పు కాపడం పెట్టుకుంటా కూర్చున్నాం! కిడ్నీలు బాగుండాయని చదివి చెప్పింది నువ్వే.”

“వాళ్లు చూసింది నీ ఉచ్చనే! వాడి డబ్బా నింపింది నువ్వు కాదా?”

“ఊరి డబ్బాల లెక్క తక్కువైపోద్దని నా వాకిట్లో నిలబడింది ఎవురు?”

అడిగింది నా తమ్ముడి భార్య. నిలబడింది నేనే.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా మైపాడు పక్కన మా పల్లెల్లో ఇరవై ఏళ్లుగా పెద్ద చదువుల వాళ్ల వెంట ఇల్లిల్లూ తిరిగాను. పరిశోధన అని వాళ్లు, సర్వే అని మేము. జ్వరాలు, చక్కెర, తాగే నీళ్లు. మనవలు పుట్టాక కూడా మానలేదు. వాళ్లు పిలిస్తే తెరుచుకోని తలుపు నేను పిలిస్తే తెరుచుకునేది. ఒక్క ఇల్లు వదలను, ఒక్క కాగితం వృథా చేయను అని నాకు పేరు.

రెండేళ్ల కిందటి కిడ్నీల సర్వేలో ఒక పగలూ రాత్రీ పోసిన మూత్రమంతా ఒకే డబ్బాలో పట్టాలి. తమ్ముడు వేటకు పోయే మనిషి. “గంగమ్మ మీద పోయే పడవలో ఉచ్చ డబ్బానా? బుద్ధుండే అంటన్నావా అక్కా?” అని నవ్వి, డబ్బాను ఇంట్లో వదిలి పోయాడు. నేను వెళ్లేసరికి అది నిండుగా ఉంది. మరదలు తల దించుకుంది. నాకు అర్థమైంది. అయినా తమ్ముడి నంబరు అంటించి సంచిలో పెట్టుకున్నాను. ఆ వారం పడవల వాళ్ల ఇళ్లన్నింట్లోనూ డబ్బాలు నిండుగానే ఉన్నాయి. అన్నీ తీసుకున్నాను.

ఇప్పుడు తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు నెల్లూరులో డయాలసిస్. మనిషి సగమయ్యాడు.

“రేపు కళ్ల సర్వే మేడం వస్తది కదా. ఆ డబ్బాలు మగోళ్లవి కావని చెప్పు,” అంది మరదలు. “ఈయన ఎట్టాగూ పోతాడు. మిగతా పడవలోళ్లనన్నా మళ్లీ చూడమను.”

“చెబితే నన్ను తీసేస్తారు.”

“తియ్యనీ.”

పొద్దున్నే జీపు దగ్గర మేడమ్‌కి అంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. “ఆ రిపోర్టు ఎప్పుడో పైకి వెళ్లిపోయింది పెద్దమ్మా. మీ ఊళ్లో కిడ్నీ జబ్బు లేదని తేలింది కాబట్టే ఈసారి కళ్లు చూస్తున్నాం,” అని కాగితాలు నా చేతిలో పెట్టింది.

ఎదురుగా మరదలు తమ్ముణ్ణి ఆటో ఎక్కిస్తూ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆటో నెల్లూరు వైపు పోయింది. కాగితాలు సంచిలో పెట్టుకుని మొదటి ఇంటి తలుపు కొట్టాను.