దాన గవాక్షం

సందు మొదట్లో వెండిరంగు బుడ్డి పట్టుకుని నిలబడిన అమ్మాయి వచ్చినవాళ్ళందరి తలల మీదా పన్నీరు చిలకరించింది. గులాబీల వాసన గుప్పుమంది. పక్కనున్నావిడ కళ్ళు మూసుకుని "ఎంత బాగుందో" అంది. నేను మాత్రం కొంగుతో తల తుడుచుకున్నాను. విజయనగరం కోట వెనక ఉన్న ఆ సందుకు ఎన్ని వాసనలున్నాయో నాకు తెలుసు. ఎండాకాలంలో ఒకటి, ముసురు పట్టినప్పుడు ఒకటి, పండగ మర్నాడు మరొకటి. వాటిలో పన్నీరు ఎప్పుడూ లేదు.

మా అమ్మాయి మాధురి విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. ముప్పయ్యేళ్ళకు పైగా సోషల్ పాఠాలు చెప్పి నేను రిటైరయినప్పుడు, నాకేం కానుక ఇవ్వాలా అని ఆలోచించి ఆలోచించి, ఆదివారం పొద్దున జరిగే 'పాత పట్నంలో ఒక నడక'కు ఇద్దరి పేర్లూ రాయించింది. ఎన్నిసార్లడిగినా నువ్వు పుట్టిన వీధి చూపించవు, ఇప్పుడెలా తప్పించుకుంటావో చూస్తాను, అని నవ్వింది కూడా. గంటస్తంభం దగ్గర బయల్దేరాం. పదిహేనుమందిమి, టోపీలూ నీళ్ళసీసాలూ ఫోన్లూ పట్టుకుని. జరీ కండువా వేసుకుని చెవి పక్కన మైకు తగిలించుకున్న గైడుకు ముప్పై అయిదేళ్ళుంటాయి, మంచి గొంతు. కోట బురుజులు చూపించాడు, కందకం చూపించాడు, పెద్ద లోగిళ్ళ వరసలో టేకు స్తంభాలూ ఇత్తడి గుబ్బల తలుపులూ చూపించాడు. "ఇప్పుడు మీకెవరూ చూపించని చోటు చూపిస్తానండి" అంటూ ఆ ఇళ్ళ వెనక్కి తిప్పాడు. నేను అందరికంటే వెనకబడి నడిచాను.

మూడో ఇంటి వెనకగోడకు, మోకాలి ఎత్తులో, మూరెడు వెడల్పు ఇనప రేకు తలుపు ఉంది. నల్లరంగు నిగనిగలాడుతోంది. పైన గోధుమరంగు పలక మీద బంగారు అక్షరాలు: దాన గవాక్షం.

"ఈ ఇళ్ళలో ఆడవాళ్ళు ఘోషా పాటించేవారండి" అన్నాడు గైడు. "వీధిలోకి రాకుండా, ముఖం కనపడకుండా, ఇదిగో ఈ కిటికీలోంచి పేదలకు బియ్యం దానం చేసేవారు. అంచులు చూడండి, ఎంత గుండ్రంగా చుట్టారో! అమ్మగార్ల సుకుమారమైన చేతులు గీసుకుపోకూడదని."

ఇంత కిందకెందుకు పెట్టారని ఎవరో అడిగారు.

"పుచ్చుకునేవాళ్ళు కింద కూర్చుని పుచ్చుకునేవారండీ."

అందరూ వంతులవారీగా గొంతుక్కూర్చుని, రేకు పైకెత్తి, చెయ్యి లోపల పెట్టి ఫోటోలు దిగారు. మా మాధురి వంతు వచ్చింది. తనూ కూర్చుని, చెయ్యి కంతలో పెట్టి, "అమ్మా, తియ్యి" అని నవ్వుతూ నావైపు చూసింది.

అది పాయిఖానా కంత. నీళ్ళు పోసే మరుగుదొడ్లు రాకముందు ఆ లోగిళ్ళన్నిటికీ వెనకగోడలో అలాంటి కంతే ఉండేది. ఇంట్లోవాళ్ళు లోపల కూర్చుని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మనిషన్నది ఒకటి ఈ సందులోంచి వచ్చి, ఆ రేకు ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, గీకి, బుట్టలోకి ఎత్తుకుని పోయేది. మూడో ఇంటికి వచ్చిన ఆ మనిషి మా మామ్మ, మా అయ్యను కన్నతల్లి. పేరు అప్పలనరసమ్మ. ఆ పేరుతో ఆ ఇళ్ళలో ఒక్కరు కూడా ఆవిణ్ణి పిలవగా నేను వినలేదు. "పాకీదొచ్చింది" అనే మాటే గోడ మీంచి వినపడేది.

మేం రెల్లివాళ్ళం. కందకానికి అవతల ఒక్క వీధిలో పాతిక గుడిసెలు మావి. మా అమ్మా అయ్యా గంటస్తంభం దగ్గర గంపలు పెట్టుకుని పళ్ళు అమ్మేవారు. వైశాఖంలో మామిడిపళ్ళు, ముంజెలు, వానలు పడగానే నేరేడు, దసరా వచ్చేసరికి పార్వతీపురం కొండల నుంచి దిగే సీతాఫలాలు. పచ్చికాయలు తెచ్చి, గుడిసెలో ఓ మూల గడ్డి పరిచి ముగ్గవేసేవారు. మూడోనాటికల్లా కళ్ళు విచ్చుకున్న కాయల తీపి వాసన చూరుదాకా నిండిపోయి, పడుకుంటే పళ్ళగంపలోనే పడుకున్నట్టుండేది. గింజలు ఏరి కడిగి ఎండబెట్టుకుని వాటితో పిక్కలాట ఆడేవాళ్ళం, కందకం గట్టు మీద తొక్కుడుబిళ్ళ గీతలు గీసేవాళ్ళం, పెద్దవాళ్ళు కొట్లాడుకునేటప్పుడు ఒడియా కలిసిన రెల్లి మాటల్లో తిట్టుకునే తిట్లు నేర్చుకుని మాలో మేం అనుకునేవాళ్ళం. ఆ ఊళ్ళో ఏ మేడా మా గుడిసె అంత తియ్యటి వాసన వేసి ఉండదు. అయినా కంపుకొట్టేవాళ్ళమని పేరు మాకే వచ్చింది.

మామ్మ పొడుగ్గా, చింతబరికెలా ఉండేది. పొద్దు పొడిచే వేళకు నడుముకు గుడ్డ బిగించి, చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ బయల్దేరేది. నాలుక కాలదా అని అడిగితే, "ఈ పొగముందు ఇంకే వాసనా నిలబడదే గుంటా" అనేది. ఇరవై మూడు ఇళ్ళు చూసుకుని వచ్చాక నుయ్యి దగ్గర కుంకుడు రసంతో ఒళ్ళంతా ఎర్రబడేలా రుద్దుకునేది. స్నానం అయ్యేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. తర్వాత చోడంబలి, పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళు. తింటూ నన్ను తొడ మీద కూర్చోబెట్టుకునేది. అప్పుడామె ఒంటి మీద కుంకుడు నురగ వాసన తప్ప మరేమీ ఉండేది కాదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అమ్మవారి సిరిమాను జాతరకు ఆ లోగిళ్ళ ముందు రంగుల ముగ్గులు, మామిడి తోరణాలు, పల్లెల నుంచి దిగిన బంధువులతో కళకళలాడేవి. పండగ వాళ్ళకు ముందు గుమ్మంలో కనిపించేది, మాకు మర్నాడు వెనక సందులో కనిపించేది. ఇరవైమంది తిన్నది మామ్మ ఒక్కతే ఎత్తాలి. ఎత్తినందుకు గోడ మీంచి ఆకులో చుట్టిన బూరెలు ఆమె కొంగులోకి పడేసేవారు. తగలకూడదు కదా, అంత ఎత్తు నుంచి. కొన్ని చితికిపోయి పూర్ణం బయటికొచ్చేది. నేను అవి నాకి నాకి తిన్నాను, మళ్ళీ జాతర ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. నెయ్యీ యాలకులూ కలిసిన ఆ రుచి ఇప్పటికీ మర్చిపోలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది అదే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు శ్రావణమాసంలో ఒక సెలవునాడు, మలం మీద చల్లే బూడిద డబ్బా పట్టుకుని మామ్మ వెనక వెళ్ళాను. సందులో పిక్కలదాకా నీళ్ళు. మూడో ఇల్లు ఒక ప్లీడరుగారిది. ఆ ఇంటి రేకు తుప్పు పట్టి, విరిగి, అంచు రంపంలా తయారయింది. మార్పించమని మామ్మ ఎండాకాలం నుంచీ చెబుతోంది. లోపలి నుంచి "చూద్దాంలే" అని ఒక ఆడగొంతు జవాబిచ్చేది. ఆ గొంతే తప్ప ఆవిడ ముఖం నేను ఏనాడూ చూడలేదు. ఆ రోజు మామ్మ రేకు ఎత్తి పట్టుకుని చెయ్యి లోపల పెట్టగానే, తడికి పట్టు జారి రేకు పడింది. బొటనవేలి మొదటి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. మామ్మ కేక వెయ్యలేదు. నోట్లో చుట్ట జారి నీళ్ళలో పడి చుయ్యిమంది. నేను మాత్రం గుక్కపెట్టి ఏడ్చాను.

గోడ వెనక గొంతు ఏమైందని అడిగింది.

"రేకు కోసేసిందమ్మగోరూ. రగతం ఆగట్లేదు."

"గోడకంటనీకు. పోయేటప్పుడు నీళ్ళు కొట్టి పో" అంది ఆ గొంతు.

మామ్మ రెండో చేత్తో నన్ను పట్టుకుని లేచింది. నీళ్ళు కొట్టలేదు. ప్రభుత్వాసుపత్రిలో కుట్లు వేశారు. ఎడంచేత్తో మర్నాడే మళ్ళీ పనికి వెళ్ళింది, ఇరవై రెండు ఇళ్ళకు. మూడో ఇంటి కంత దగ్గర ఆగకుండా దాటిపోయింది.

మూడోరోజుకు మునిసిపాలిటీ మేస్త్రీ మా గుడిసె ముందుకొచ్చి, ఏటే నరసమ్మా, ప్లీడరుగోరు మండిపడతన్నారు, అన్నాడు. "రేకు మార్చమను బాబూ. మార్చిన్నాడే వస్తాను" అంది మామ్మ. వేరేవాళ్ళను పంపుతానన్నాడు. ఆ మాటకు మామ్మ లేచి వీధి మధ్యకు వెళ్ళి, కుట్లున్న చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. ఎవరూ వెళ్ళలేదు. అందరూ ధైర్యవంతులని కాదు, మామ్మ నోరంటే వాళ్ళకు మేస్త్రీ కన్నా ఎక్కువ భయం. మా అయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు. "పెద్దోళ్ళతోటి మనకెందుకే అమ్మా, రేపు గంపలు పెట్టుకోనిస్తారేటి?"

"ఆళ్ళు పెద్దోళ్ళయితే ఆళ్ళది ఆళ్ళనే ఎత్తుకోమను" అంది మామ్మ.

తొమ్మిదోనాడు ప్లీడరుగారే వచ్చారు. గొడుగేసుకుని మా వీధి మొదట్లో, బురద మొదలయ్యే చోట ఆగిపోయారు. వీధి వీధంతా లేచి నిలబడింది. మామ్మ అరుగు మీంచి కదల్లేదు. ఆయన "ఏమే, ఎన్నాళ్ళీ పొగరు?" అన్నాడు. మామ్మ కూర్చునే చెయ్యి చాపి, "బాబుగోరూ, ఇది సూడండి" అంది. చీము పట్టి ఉబ్బిన ఆ చేతిని చూడలేక ఆయన ముఖం తిప్పుకున్నాడు. మర్నాడు కమ్మరి వచ్చాడు. మామ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి సందులో అతని నెత్తిన నిలబడింది. కొత్త రేకు, మందమైనది. అతను అంచు ఒక చుట్టు మడిచి చాలన్నాడు.

"ఇంకా సుట్టు. నీ కూతురు సెయ్యి పెడతాదనుకోని సుట్టు."

రెండో చుట్టు మడిచి, సుత్తితో నున్నగా కొట్టాడు. మామ్మ వేలితో అంచంతా తడిమి, తలూపింది. ఆ బొటనవేలు మళ్ళీ ఎప్పటికీ పూర్తిగా ముడుచుకోలేదు. చచ్చిపోయేదాకా అంబలి ముంత రెండు చేతులతో పట్టుకునే తాగింది.

"సెయ్యి తియ్యే!" అని అరిచాను మాధురి మీద. ముప్పయ్యేళ్ళుగా పాఠం చెప్పిన గొంతులోంచి ఆ యాస ఎలా ఊడిపడిందో నాకే తెలియదు. తర్వాత గైడు వైపు తిరిగి చెప్పాను. "బాబూ, ఇక్కడ ఎవరూ ఎవరికీ బియ్యం పొయ్యలేదు. ఇది దొడ్డి కంత. మా మామ్మ ఇందులో చెయ్యి పెట్టి ఈ ఇంటి మలం ఎత్తింది. ఆ అంచు చుట్టించింది కూడా ఆవిడే, తన చెయ్యి తెగాక, పదిరోజులు ఈ ఇంటి పని మానేసి."

పన్నీటికి మురిసిపోయినావిడ సంచిలోంచి శానిటైజరు తీసి చేతులు రుద్దుకుంది. యాభై ఏళ్ళ తర్వాత, రంగు పూసిన ఇనుమును ముట్టుకున్నందుకు! ఆ సీసా మరొకరు అడిగి పుచ్చుకున్నారు. గైడు మైకు ఆపి, నెమ్మదిగా, "మేడమ్, నాకు రాసిచ్చింది ఇదేనండి. ఇలాంటివి చెబితే ఎవరొస్తారు?" అన్నాడు. వాళ్ళంతా టిఫిను ఏర్పాటు చేసిన లోగిలి వైపు కదిలిపోయారు.

మాధురి ఒక్కతే నిలబడింది. "మీ మామ్మది మునిసిపాలిటీలో ఉద్యోగం అన్నావు కదా?"

"ఉద్యోగమే."

"ఆ గైడంటే జీతానికి చెప్పాడు. నువ్వెందుకు దాచావమ్మా?"

బడిలో నన్ను వెనక విడిగా కూర్చోబెట్టారు. టీచరయ్యాక అడిగినవాళ్ళందరికీ మాది పళ్ళ వ్యాపారమని చెప్పుకున్నాను. అబద్ధమేమీ కాదు, సగం నిజం. కోటల గురించీ సంధుల గురించీ వేలమంది పిల్లలకు చెప్పాను, ఈ సందు గురించి ఒక్క మాట చెప్పలేదు. నా తరగతిలో నేనూ గైడునే. ఆ గైడు మీద వచ్చినంత కోపం నా మీద నాకు వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

ఆ పూటే కందకం అవతలికి తీసుకెళ్ళాను. మా వీధి లేదు. ఊరికి దూరంగా కాలనీ ఇచ్చామని ఎప్పుడో అందరినీ లేపేశారు. ఇప్పుడక్కడ కల్యాణమండపానికి వచ్చినవాళ్ళు కార్లు పెట్టుకుంటారు. నుయ్యి పూడ్చేశారు. ఏ గుడిసె ఎక్కడుండేదో, ఎవరి గుమ్మంలో ఎవరుండేవారో కార్ల మధ్య నడుస్తూ ఒక్కొక్క పేరే మాధురికి చెప్పాను. తను వింటూ నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు.

జరిగినదంతా రాసి నడక నిర్వాహకులకు మాధురే పంపింది. పలక మార్చండి, నిజం రాయండి, మా ముత్తవ్వ పేరు పెట్టండి, అని. నాలుగురోజులకు మర్యాదగా జవాబొచ్చింది. ఎవరి మనోభావాలూ దెబ్బతినకుండా, ఇకమీదట ఆ సందును నడకలోంచి తొలగిస్తున్నారట. నెల తిరక్కుండా మేమిద్దరం మళ్ళీ వెళ్ళి చూశాం. కంతకు ఇటికలు పెట్టి, సిమెంటు మెత్తి, సున్నం కొట్టేశారు. పలక లేదు. రేకు ఏదని అడిగితే, ఆ ఇంట్లో ఇప్పుడుంటున్న మనిషి పాత ఇనుమువాడికి వేసేశామన్నాడు.

అబద్ధం తీసెయ్యమని అడిగితే తలుపు తీసేశారు.

శనాదివారాలు వస్తే మాధురి స్కూటరేసుకుని ఊళ్ళో పాత ఇనుము కొట్లన్నీ తిరుగుతోంది. అంచు రెండు చుట్లు మడిచిన రేకు కనిపించిందా అని అడుగుతోంది. దొరకదని నాకు తెలుసు. వద్దని మాత్రం చెప్పను, వెనక కూర్చుని నేనూ వెళుతున్నాను.