చెయ్యి పట్టుకుంటే వదలని డాక్టరమ్మ

డాక్టర్ నాగేంద్రమ్మకు ఒకటే పిచ్చి. ఎవరి చెయ్యి దొరికినా పట్టుకుంటుంది. పట్టుకుంటే వదలదు! హిందూపురంలో చర్మవ్యాధులకు వైద్యం చేసే ఆవిడ మనుషుల్ని మొహాలు చూసి కాదు, మోచేతులు చూసి గుర్తుపడుతుంది. ఒక పెళ్ళిలో అక్షింతలు వేయబోయి పెళ్ళికొడుకు చెయ్యి ఎంతకీ వదలకపోతే, పక్కనున్న పెళ్ళికూతురు బిక్కమొహం వేసిందట.

ఒకసారి పెనుకొండ బస్సులో టికెట్ ఇవ్వబోయిన కండక్టరు చెయ్యి దొరకబుచ్చుకుంది.

“ఏం సబ్బు రుద్దుతాండావప్పా? చెయ్యంతా ఎండిన చెరువు మాదిరి ఉండాదే!”

“టికెట్ తీసుకో మేడమ్, స్టేజీ వస్తాంది!”

“రానీ. ముందు ఈ క్రీము పూసుకో.”

స్టేజీ వచ్చింది, పోయింది. దిగాల్సినవాళ్ళు కేకలు పెట్టారు. కండక్టరేమో జిడ్డు చేతుల్లోంచి జారిపోతున్న విజిల్‌ను పట్టుకోలేక నానా తంటాలు పడ్డాడు.

ధర్మవరం కల్పన ఆవిడ చేతికి చిక్కినప్పుడు ఏడుస్తూ ఉంది. పట్టుచీరలు నేసే మనిషి. ఏళ్ళ తరబడి ఎగ్జిమా, చర్మం ఎండి పగిలే జబ్బు. పగిలిన వేళ్ళకు పట్టుపోగులు తగులుకుని తెగుతుంటే మగ్గం దగ్గరికి పోవడమే మానేసింది. ఎక్కడ అంటుకుంటుందోనని అత్త కృష్ణమ్మ ఆమె వండింది ముట్టదు.

“ఇది నయమైపోతాదా మేడమ్?”

“పోతాది, మళ్ళా వస్తాది, అలిగిన అల్లుని మాదిరి! మనం లొంగగూడదు. గోరువెచ్చని నీళ్ళతో గబగబా స్నానం. తువ్వాలుతో రుద్దొద్దు, అద్దు. తడి ఆరకముందే ఈ క్రీము పూయి. ఎక్కువైనప్పుడు ఈ రెండో మందు, నేను చెప్పినన్నాళ్ళే. బాగైందని మానేస్తివా, మళ్ళా మొదటికొస్తాది!”

కల్పన మానలేదు. కొన్ని వారాలకు పగుళ్ళు పూడాయి. ఒక ఉదయం భయం భయంగా మగ్గంలో కూర్చుని పోగు పట్టుకుంది. తెగలేదు! ఇంకోటి. అదీ తెగలేదు!

“మేడమ్! పోగు సర్రున జారతాండాది మేడమ్!” అని ఫోన్‌లో అరిచింది.

“వస్తాండా!” అని అంతకంటే గట్టిగా అరిచింది అవతలి గొంతు.

మధ్యాహ్నానికల్లా డాక్టరమ్మ ధర్మవరంలో దిగింది. వాకిట్లో అమ్మలక్కలు మూగారు. కల్పన చేతులు తిప్పితిప్పి చూసి, “ఆకలైతాంది. నీ చేత్తోనే అన్నం కలిపి పెట్టు” అంది.

“ఇంతమంది ముందరా?”

“ఇంతమంది ముందరే!”

కల్పన పప్పన్నం కలిపి ముద్ద అందించింది. డాక్టరమ్మ లొట్టలేసుకుంటూ తిని, “ఇది అంటేది కాదమ్మా. అంటేదే అయితే నాకు ఎప్పుడో అంటుకోవల్ల!” అంది.

నలుగురూ చూస్తుండగా ఆవిడ అందరి చేతులూ ఎందుకు పట్టుకుంటుందో కల్పనకు అప్పుడు అర్థమైంది.

కృష్ణమ్మ మెల్లగా వచ్చి కోడలి పక్కన కూర్చుంది. “నాకూ ఒక ముద్ద పెట్టమ్మీ.”

“లైన్‌లో రావల్ల కృష్ణమ్మా, నాది ఇంకా కాలేదు!” అంది డాక్టరమ్మ, నోటినిండా పప్పన్నంతో.