కేసు ఎవరిమీద?

ఇరవై ఏళ్ల కిందట మేడ్చల్ నుంచి షామీర్‌పేట వెళ్లే బస్సులో నా పక్కన ఒక గర్భిణి కూర్చుంది. నా చేతిలోని నల్లకోటు చూసి, లాయరునని గుర్తుపట్టింది.

"అక్కా, హెచ్‌ఐవీ ఉన్నదని ఎరుకుండి కూడ పెండ్లి జేసుకుంటే కేసయితదా?"

"అవుతుందమ్మా. తెలిసీ అంటిస్తే నేరమే. ఎవరతను?"

"మా ఆయన. పెండ్లికి ముందునుంచే సాటుంగ గోలీలు మింగుతుండె. పోయిన నెల సచ్చిపోయిండు. కడుపుతోటి ఉన్ననని పరీక్ష జేస్తే నాకు గూడ బయటపడ్డది. ఇగ నేనే ఆయనకు అంటించిన్నని అత్తోళ్లు నా మీద కేసు పెడ్తరట."

"నీకు తెలియనే తెలియదు కదా! నీ మీద కేసు నిలవదు."

షామీర్‌పేటలో దిగేముందు, ఆమె తాను కూర్చున్న సీటును కొంగుతో అంచుల దాకా తుడిచింది.

"సీటు వల్ల అంటుకోదమ్మా," అన్నాను.

"ఏమో అక్కా, ఇప్పుడు నాకు ఎరుకే గద," అని దిగిపోయింది.