మోడల్ కాపీ

2022 వేసవి. విజయవాడ ఊరి చివర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ, పేరు అనవసరం. అందులో రీసెర్చ్ సెల్ అని ఒక గది ఉండేది. పేరు విని పెద్ద ల్యాబనుకునేరు. రెండు బీరువాలు, ఒక కంప్యూటరు, చల్లబరచని ఏసీ, వాటికి సూపరింటెండెంటుగా నేను. సర్వీసులో చివరి తొమ్మిదేళ్ళు ఆ గదిలోనే గడిపాను. ఏనాడూ టెస్ట్ ట్యూబు ముట్టుకున్న పాపాన పోలేదు గానీ, ఆ కాలేజీ నుంచి పరిశోధన కోసం వెళ్ళిన ప్రతి దరఖాస్తూ నా చేతుల మీదుగానే వెళ్ళింది.

ఆ పనేమిటో కొంచెం చెప్పాలి. వైద్య పరిశోధనలో పీహెచ్‌డీ చేయాలనుకునే పిల్లలకు ఢిల్లీ సంస్థలు ఫెలోషిప్ ఇస్తాయి. అంటే ఐదేళ్ళపాటు నెలనెలా జీతంలాంటిది వస్తుంది, ల్యాబు ఖర్చులూ వాళ్ళే భరిస్తారు. అది లేకపోతే కలిగినవాళ్ళ పిల్లలు తప్ప ఇంకెవరూ పీహెచ్‌డీ జోలికి పోలేరు. దానికోసం ఏం పరిశోధిస్తానో, ఎందుకో, ఎలాగో వివరంగా ప్రపోజల్ రాయాలి. గైడు ఒప్పుకోవాలి. ఆపైన ఫార్వర్డింగ్ లెటర్ ఉంటుంది, ఈ అభ్యర్థిని మా కాలేజీ తరఫున పంపుతున్నాం అని ప్రిన్సిపాల్ సంతకం పెట్టే ఉత్తరం. అన్నీ కలిపి గడువులోగా పోర్టల్లో ఎక్కించాలి. సైన్సు నాకు రాదు. ఈ తంతు మాత్రం కొట్టినపిండి.

మా ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏది రాయాల్సొచ్చినా ముందు అడిగేది, "మోడల్ ఒకటి ఉంటే ఇవ్వండి" అని. సెలవు చీటీ దగ్గర్నుంచి కోర్టు అఫిడవిట్ దాకా అంతే. ఎవరో రాసింది ముందు పెట్టుకుని పేర్లూ తేదీలూ మార్చి రాసేస్తారు. ఉద్యోగంలో చేరిన రోజు నా జాయినింగ్ రిపోర్టు నేనూ అలాగే రాశాను. మోడల్ దాచుకునేవాణ్ణి పిసినారి అంటారు, అడిగిందే తడవుగా ఇచ్చేవాణ్ణి మంచివాడంటారు. నేను మంచివాణ్ణి. నా కంప్యూటర్లో మోడల్స్ పేరుతో ఒక ఫోల్డరే ఉండేది.

దుర్గాభవాని మైక్రోబయాలజీలో ప్రాజెక్టు అసిస్టెంటు. కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డు పల్లె వాళ్ళది. తల్లి చేపలమ్మి చదివించింది. ఒకసారి కూతురు పనిచేసే చోటు చూద్దామని ఆవిడ కాలేజీకి వస్తే, భవాని నా గదికి కూడా తీసుకొచ్చింది. నమస్కారం పెట్టిన చేతుల్లో కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది.

"చేప ముల్లు గుచ్చుకుందండి," అంది ఆవిడ, నేను చూడటం చూసి. "ఎన్ని బిళ్ళలు మింగినా పుండు మానలేదు. సూదులేయించాను, అయినా మానలేదు. ఆఖరికి ఏలు తీసేశారు. మా పిల్ల అప్పుడు పట్టుకుంది, ఎందుకు మానలేదో తేలుస్తానని. ఇంకా వదల్లేదండి."

భవాని ప్రపోజల్ అదే. చేపల చెరువుల్లో యాంటీబయాటిక్స్ ఇష్టమొచ్చినట్టు కలుపుతారు. ఆ నీళ్ళలో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతోందా, వలలు లాగేవాళ్ళ, చేపలు కోసేవాళ్ళ గాయాల్లోకి అదే వస్తోందా అన్నది ఆ పిల్ల ప్రశ్న. రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ చెరువుగట్ల మీదే తిరిగి రాసింది. వాళ్ళ గైడు మేడమ్ పాతకాలం మనిషి, కంప్యూటర్లో అక్షరం చదవరు. ప్రింటు తీసిస్తే ఎర్ర పెన్నుతో దిద్దుతారు. అలా ఆరేడుసార్లు దిద్దించుకుని, చివరికి ఏప్రిల్లో పెన్‌డ్రైవ్ తెచ్చి నాకిచ్చింది. ఆ ఏడాది పోర్టల్ ఫార్మాట్ మొత్తం మార్చేశారు. మార్జిన్లు, బడ్జెట్ పట్టిక, అనుబంధాలు సరిచేసే పని నాది. ఇన్‌వర్డ్ రిజిస్టర్లో తేదీ వేసి, ప్రపోజల్ అందింది అని రాసుకున్నాను.

"ఈ జూన్‌కి ఇరవై ఎనిమిది నిండుతాయండి," అంది. "ఆపైన అప్లై చేయనివ్వరు. ఇదే ఆఖరు సార్."

"నేనున్నాను కదమ్మా," అన్నాను.

పది రోజులకు కిరణ్ వచ్చాడు. బయోకెమిస్ట్రీలో అతనూ అసిస్టెంటే. మాది కంకిపాడు, వాళ్ళదీ కంకిపాడే. వాళ్ళ నాన్నా నేనూ ఒకే బెంచీ మీద చదివాం. ఆయన పొలం కౌలుకిచ్చి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు పెట్టుకున్నాడు. కుర్రాడు మర్యాదస్తుడే, ఎక్కడ కనబడ్డా నవ్వుతూ పలకరిస్తాడు.

"బాబాయ్, కొత్త ఫార్మాట్ అర్థం కావట్లేదు. మోడల్ ఏదన్నా ఉందా?"

ఫోల్డర్లో ఉన్నవన్నీ పాత ఫార్మాట్‌వి. కొత్త ఫార్మాట్‌లో ఉన్నది భవానిది ఒక్కటే. ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. మనూరి కుర్రాడు, అడిగాడు, ఇచ్చాను.

"ఫార్మాట్ వరకే చూసుకోరా."

"అయ్యో, నాకు తెలీదా బాబాయ్."

మే నెలాఖరు గడువు. అప్పుడే ప్రిన్సిపాల్ గారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని పటమటలో ఇంట్లో ఉన్నారు. భవాని లెటర్ టైపు చేసి సంతకాల ఫైల్లో పెట్టాను. ఇంటికి తీసుకెళ్ళి సంతకం పెట్టించుకు రమ్మంటారా అని ఆ పిల్ల అడిగితే, బాగుండదమ్మా, సోమవారం కాకపోతే శుక్రవారం వస్తారు, గడువు శనివారం దాకా ఉందిగా అన్నాను. కిరణ్ అడగలేదు. లెటర్ నా చేత టైపు చేయించుకుని, ఆదివారం పళ్ళు పట్టుకుని ఆయనింటికి వెళ్ళి సంతకం పెట్టించుకుని, సోమవారం పొద్దున్నే పోర్టల్లో ఎక్కించేశాడు. ఆ లెటర్లో అంశం పేరు టైపు చేసింది నేనే: కృష్ణా డెల్టా చెరువు కూలీల గాయాలు, మందులకు లొంగని బ్యాక్టీరియా. అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది. వాళ్ళ నాన్న మొహం గుర్తొచ్చి అడగలేదు. భవానిది శనివారం వెళ్ళింది.

జూలైలో ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ళు ప్రతి ప్రపోజల్నీ సిమిలారిటీ చెక్ చేస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తిరాశారేమో సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూడటం అది. మీ కాలేజీ నుంచి వచ్చిన రెండు దరఖాస్తుల్లో పేజీలకు పేజీలు ఒకటేనని, తర్వాత అందినదాన్ని నకలుగా భావిస్తున్నామని, కాలేజీ చెప్పేదేమైనా ఉంటే వారంలోగా రాయమని దాని సారాంశం. దాని కాపీ భవానికీ వెళ్ళింది.

మధ్యాహ్నం వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాది కాపీ అంటున్నారండి."

"ఈ సాఫ్ట్‌వేర్లు ఇంతేనమ్మా. దేనికి దేన్ని ముడిపెడతాయో వాటికే తెలీదు."

"నేను ఏప్రిల్లోనే రాసిచ్చాను కదండి. మీకు తెలుసు కదా సార్."

"తెలుసమ్మా. జవాబు మేమే రాయాలి. రాస్తాంలే."

చాలాసేపు నా మొహంలోకి చూసి, సరేనండి అని వెళ్ళిపోయింది. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

ప్రిన్సిపాల్ గారికి జరిగింది చెప్పాను. మొత్తం చెప్పాను, దాచలేదు. ఇన్‌వర్డ్ రిజిస్టర్ కూడా తీసుకెళ్ళి ఆ పేజీ చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సుబ్బారావుగారూ, ఇప్పుడిది రాస్తే ఏమవుతుంది? మన ఆఫీసే పేపరు బయటికిచ్చిందని మనమే ఒప్పుకున్నట్టు. రెండూ కొట్టేస్తారు. పైగా నెలలో ఇన్‌స్పెక్షన్."

"రిజిస్టర్ పేజీ జతచేస్తే ఆ అమ్మాయిది ముందని తేలుతుంది కదండి."

"రిజిస్టర్ పంపమని వాళ్ళు అడిగారా?"

"లేదండి."

"అడగనిది మనమెందుకు పంపాలి? రెండూ పోయేకంటే ఒకటైనా మిగలనివ్వండి. మీకు మాత్రం సర్వీసు ఎంతుందని? రెండేళ్ళా?"

రెండేళ్ళే ఉంది. జవాబు నేనే టైపు చేశాను. ఇద్దరు అభ్యర్థులూ కార్యాలయంలోని ఒకే నమూనా పత్రాన్ని అనుసరించినందున పోలికలు ఏర్పడి ఉండవచ్చు, తుది నిర్ణయం సంస్థకే వదిలేస్తున్నాం అని. చదివితే ఒక్క అక్షరం తప్పు పట్టడానికి ఉండదు. ముప్పై ఏళ్ళ అనుభవం అంతా ఆ రెండు వాక్యాల్లో పెట్టాను. రిజిస్టర్ పేజీ జిరాక్స్ తీసి పంపకుండా నా సొరుగులో పెట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో కిరణ్‌కి కొంత, ప్రిన్సిపాల్‌కి కొంత పంచినా నా పిడికిలే పెద్దది.

భవాని దరఖాస్తు కొట్టేశారు. కిరణ్‌కు ఫెలోషిప్ వచ్చింది. స్వీట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీదే మొదట విప్పాడు. నేనొకటి తీసుకుని తిన్నాను కూడా. భవాని ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసింది. నా గదికి వచ్చి ఒక్క మాట అడగలేదు. విషయం తెలియలేదనుకున్నాను, తెలియకపోవడమే మంచిదనుకున్నాను. ఇక కిరణ్ సంగతి. ఏడాదిన్నర చేసి, హైదరాబాదులో మందుల కంపెనీలో ఉద్యోగం రాగానే ఫెలోషిప్ వదిలేశాడు. ఒక్క చెరువు గట్టూ ఎక్కలేదని ఆ డిపార్ట్‌మెంటువాళ్ళే చెప్పారు. ఆ వేలి పుండు ఎందుకు మానలేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

రిటైరయ్యాక, అంటే ఈ సంగతి జరిగిన మూడేళ్ళకు, షుగర్ టెస్టుకని పరగడుపున పటమటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్ళాను. టోకెన్ పిలిస్తే లోపలికెళ్ళాను. తెల్లకోటు వేసుకుని భవాని.

"కూర్చోండి సార్. చెయ్యి ఇలా పెట్టండి. పిడికిలి బిగించండి."

సూది గుచ్చింది కూడా తెలియనివ్వలేదు. ఆ నేర్పు చూసేసరికి ఉండబట్టలేదు. అనుకోకుండానే చెప్పేశాను, ఆ ఫైలు కిరణ్‌కి ఇచ్చింది నేనేనని.

"తెలుసండి," అంది, రక్తం నిండుతున్న ట్యూబునే చూస్తూ. "సాఫ్ట్ కాపీ మీకొక్కరికే ఇచ్చాను కదా. మేడమ్‌కి ఎప్పుడూ ప్రింటే. మెయిల్ వచ్చిన రోజే తెలిసింది."

"మరి ఆ రోజు నన్ను అడగలేదేమ్మా?"

"జవాబు మీరే టైపు చేస్తారు కదండి. అందులో రాస్తారనుకున్నాను. మా అమ్మతో కూడా అదే చెప్పాను, సుబ్బారావుగారున్నారులే అని."

"రిజిస్టర్ పేజీ జిరాక్స్ నా దగ్గరుందమ్మా. ఇప్పుడైనా ఢిల్లీకి రాద్దాం. జరిగిందంతా నేను సంతకం పెట్టి ఇస్తాను."

భవాని సూది తీసి దూది పెట్టింది.

"నాకు ముప్పై ఒకటి సార్," అంది. "గట్టిగా నొక్కి పట్టుకోండి. రిపోర్టు సాయంత్రం వస్తుంది."

తర్వాతి టోకెన్ పిలిచారు. లేచి వచ్చేశాను.

మోడల్ ఇవ్వడం తప్పని నేనిప్పటికీ అనను. తెలియక చేసిన పని అది, తెలిసిన రోజున చెప్పి ఉంటే గోటితో పోయేది. చెప్పడానికి ఢిల్లీవాళ్ళు నాకు వారం రోజులిచ్చారు. ఆ వారమంతా నేను రోజూ టైముకే ఆఫీసుకు వెళ్ళాను, సాయంత్రం ఐదింటికి ఆ రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుని ఇంటికొచ్చాను.