కొక్కెం దించే పాట

ఇల్లందు దాటి అడవిలోకి మలుపు తిరిగిన రోడ్డు మీద, పొద్దు కొండ అంచుకు ఆనుతున్న వేళ, మురళీకృష్ణ బండికి ఒక మనిషి అడ్డం వచ్చింది. పక్కన నిలబడి చెయ్యెత్తడం కాదు. రోడ్డు నడుమ రెండు చేతులూ చాచి, గుద్దితే గుద్దు అన్నట్టు నిలబడింది. అతను బ్రేకు మీద లేచి నిలబడితే గానీ బండి ఆగలేదు.

"పిచ్చా నీకు?" అని అరిచాక మనిషిని పోల్చుకున్నాడు. లాలి. తండా లాలి. పాటల లాలి అంటారు చుట్టుపక్కల. చాలామంది వెక్కిరింపుగానే అంటారు.

యాభైకి అటూ ఇటూ ఉంటుంది. చీర కట్టింది. దండచేతుల మీద మాత్రం, మిగతా చర్మం కంటే తెల్లగా, వరస వరసగా పాత గాజుల అచ్చులున్నాయి. లంబాడా ఆడది మొగుడు పోయిన రోజున ఆ గాజులు తీసేస్తుంది. ఎండ ఎంత కాసినా వాటి జాడ మాత్రం మాయదు.

లాలి నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. గొంతు పట్టుకుని మళ్ళీ ప్రయత్నిస్తే ఎండుటాకు మీద పాము పాకినట్టు ఒక గుసగుస వచ్చింది.

"సారూ, నీ చేన్ల తీగ పెట్టిండ్రా ఇయ్యాల?"

"తీగా? ఏం తీగ?"

"ఆటోల కలిసిన మా తండా జంపక్క చూసిందట. మా బావ పొద్దుగాల తీగచుట్ట భుజాన ఏసుకుని నీ చేనుకు పోయిండట."

"చందూలాల్‌కి నేను కాపలా పనే చెప్పాను లాలమ్మా. తీగ సంగతి నాకేం..."

"అబద్ధం తర్వాత ఆడుదువు సారు. ఇప్పుడు టైము లేదు." అంటూనే అడక్కుండా వెనక సీటెక్కి కూర్చుంది. "పోనియ్. జల్దీ."

మురళీకృష్ణ సత్తుపల్లి వైపువాడు. తాతలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఈ అడవి అంచున భూమి కౌలుకు తీసుకుని మొక్కజొన్న వేశాడు. చెడ్డవాడేం కాదు. కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవిపందుల మంద చేలో పడి ఒక్కపూటలో ఎకరాలకు ఎకరాలు తొక్కేస్తే, మంచివాళ్ళు కూడా తీగ కొనుక్కొస్తారు. మోకాలెత్తున సన్నటి తీగ చేను చుట్టూ లాగుతారు. వెదురు గడకు ఇనుప కొక్కెం కట్టి, పొద్దుగూకే వేళ మోటార్ల కోసం వేసిన కరెంటు లైను మీదికి తగిలిస్తారు. కాపలా గుడిసెలో చిన్న ఎర్రబల్బు వెలుగుతుంది. అది వెలుగుతున్నంతసేపూ తీగలో చావు ఉన్నట్టు. తీగకు పంది ఏదో మనిషి ఏదో తెలియదు.

ఇది నేరమని అందరికీ తెలుసు. తెలిసి చేసేది కాబట్టే దానికొక కట్టుబాటు ఏర్పడింది. తీగ పెట్టినవాడు పొద్దు వాలకముందే తండాలో గడప గడపకూ వెళ్ళి "ఇయ్యాల తీగ ఉన్నది" అని చెప్పి రావాలి. రాతకోతల్లేని కట్టుబాటు. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి చెప్పకుండా వదిలేసిన గడప లాలిదే.

రెండేళ్ళ కింద మాట. అప్పటికి కొద్ది నెలల ముందే లాలి, ఆమె మొగుడు రాందాస్, కూతురు హేమలత ఇల్లందులో ప్రార్థనకు పోవడం మొదలుపెట్టారు. తండాలో భవానికి మేకను కోసిన రోజు వీళ్ళు రాలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రాకపోకలు మాత్రం సన్నగిల్లాయి. తీగ కబురు చెప్పడానికి బయల్దేరిన మనిషి వరసగా ఇళ్ళన్నీ తిరిగి, చివరి ఇంటి ముందున్న వేపచెట్టు దాకా వచ్చి, మనకూ వాళ్ళకూ ఇప్పుడు మాటలెక్కడివి అనుకున్నాడో, మరేమనుకున్నాడో, వెనక్కి తిరిగాడు. తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి పోయిన రాందాస్ తీగ మీద పడ్డాడు. మోటారు దగ్గర షాకు కొట్టిందని పోలీసులు రాసుకున్నారు. తండా పెద్దలు కూర్చున్నారు, లేచారు. వేపచెట్టు దగ్గర వెనక్కి తిరిగిన మనిషి రాందాస్ సొంత అన్న, చందూలాల్.

అప్పటినుంచి లాలి బావతో మాట్లాడలేదు. అతనూ ఆమె కంట పడలేదు.

బండి గతుకుల్లో పడి లేస్తోంది. గాలికి మాట కొట్టుకుపోకుండా లాలి అతని చెవి దగ్గర నోరు పెట్టి చెబుతోంది.

"మా హేమ సారపాకల దవాఖానాల నర్సు పని చేస్తది. బస్సు దిగి నీ చేను గట్టు మీదికెళ్ళే ఇంటికొస్తది. దినాం నేనే ఎదురు పోత, పాడుకుంట. ఇయ్యాల గొంతుకు మందు కోసం ఇల్లందు పోతే వచ్చేటప్పుడు ఆటో చెడిపాయె."

"మరి ఆ పిల్ల బస్టాపు దగ్గర ఆగదా?"

"పాట ఇనపడేదాక ఆగుమని చెప్పిన. కానీ ఆగదు సారు. ఎన్నడు ఇనపడకుండ లేదు. అమ్మకేమన్న అయ్యిందని ఉరుకుతది. ఫోన్ చేద్దామంటే నాది ఇంట్లనే ఉన్నది, దాని నంబరు నోటికి రాదు."

మురళీకృష్ణ బండి వేగం పెంచాడు.

ఆ పాట సంగతి అతనికి చూచాయగా తెలుసు. రాందాస్ పోయాక లాలి కాళ్ళు గట్టు మీద పడనన్నాయి. పట్టపగలు కూడా గడ్డిలో కాలు పెట్టబోయి, ఏదో సన్నగా మెరిసినట్టయి, అక్కడే కూలబడేది. ఆ రోజుల్లోనే, మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్న తల్లికి హేమలత బైబిల్లోంచి నూట ఇరవై ఒకటో కీర్తన చదివి వినిపించింది. అది నడిచేవాళ్ళ కీర్తన. ఎప్పుడో ఏ కాలంలోనో జనం గుంపులుగా కొండదారి ఎక్కి తమ గుడికి పోతూ పాడుకున్నదని పెద్దలు చెబుతారు. పాడుకున్నారంటే భక్తి ఒక్కటే కారణమని నమ్మబుద్ధి కాదు. కొండదారిలో దొంగలుంటారు, మృగాలుంటాయి, రాళ్ళు జారతాయి. ఏ దేశపు అడవిలోనైనా బాటసారి ఊరికే నడవడు. దగ్గుతాడు, కర్రతో నేల తడతాడు, ఎద్దు మెడకు గంట కడతాడు. నేనిక్కడున్నాను అని చెప్పుకుంటూ పోవడమే అడవి నడక.

లాలికి చదువు రాదు. కూతురి చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుని నోటికి పట్టింది. ప్రార్థనలో పాడే బాణీ ఆమెకు కుదరలేదు. తండా ఆడవాళ్ళు పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడూ, శవం దగ్గరా ఏడుపునే పాటగా అల్లే సాగుడు రాగం ఒకటుంది. కీర్తనను ఆ రాగంలోకి లాగింది. ఒక సాయంత్రం ఆ పాట పాడుతూ గట్టు మీద కాలు పెట్టింది. కాలు నిలిచింది.

మరి కొన్నాళ్ళకు ఇంకో సంగతి కనిపెట్టింది. ఆమె పాడుతూ వస్తుంటే ఎక్కడో చేలో ఎర్రబల్బు ఆరిపోయేది. ఆమె దాటిపోయాక మళ్ళీ వెలిగేది. చందూలాల్ కాపలా ఉన్న చేలల్లోనే అలా జరిగేది.

"ఏందే లాలీ, నీ దేవునికి చెవుడా, గంత గట్టిగ పాడుతున్నవ్?" అని జంపక్క ఎగతాళి చేస్తే, "దేవునికి కాదే, మీ మొగోళ్ళకు చెవుడు" అనేసింది లాలి. ఇంకొకసారి జంపక్క నిలదీసింది కూడా: "కొక్కెం దించేది మీ బావ. నువ్వేమో దేవుడు కాపాడిండని చెప్పుకుంటవ్." లాలి నవ్వలేదు. "దించేది బావనే. దించేటట్టు చేసేదెవరో నాకెరుక" అంది.

కల్వర్టు దగ్గర బండి ఆగింది. అక్కణ్ణుంచి బాట లేదు. ఎదురుగా మనిషెత్తు మొక్కజొన్న, దాని అవతల అడవి. చేను నడుమ కాపలా గుడిసెలో ఎర్రటి చుక్క వెలుగుతోంది. గాలి స్తంభించింది. అప్పుడే బస్సు తూర్పు మలుపులో గేరు మార్చుకుంటూ వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. అంటే హేమలత దిగేసింది.

మురళీకృష్ణ ఫోన్ తీసి చందూలాల్‌కి చేశాడు. స్విచాఫ్. తీగ పెట్టిన రోజు ఫోన్ ఆపెయ్యమని చందూలాల్‌కి చెప్పింది అతనే. హారన్ మీద చెయ్యి వేయబోతే లాలి చప్పున పట్టుకుంది.

"హారనొద్దు. ఫారెస్టోళ్ళనుకుని ఉరుకుతడు. కొక్కెం అట్లనే ఉంటది."

"పేరు పెట్టి పిలుస్తా, నా గొంతు తెలుసు కదా" అని, ఆమె ఏదో అనేలోపే, "చందూలాల్! ఓ చందూలాల్!" అని అరిచాడు.

గుడిసెలో బీడీ నిప్పు టక్కున ఆరిపోయింది. ఎర్రబల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది మురళీకృష్ణకు. ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే పలక్కు, నా గొంతులా ఉన్నా పలక్కు, గుడిసె వదిలి అడవి పట్టుకో అని పోయిన వారమే చెప్పాడు. పక్క మండలంలో ఒకణ్ణి అలా పిలిచే పట్టుకున్నారని ఎవరో అంటే విని, తన తెలివికి తనే మురిసిపోతూ చెప్పాడు.

చేనుకు అటు చివర, గట్టు మీద, ఫోన్ లైటు ఒకటి ఊగుతూ కదులుతోంది. త్వరగా కదులుతోంది.

"హేమా!" అనబోయింది లాలి. గాలే వచ్చింది. రెండు చేతులతో గొంతు నొక్కుకుని ఇంకోసారి, మరోసారి. ఆ గాలి కల్వర్టు దాటలేదు. ఆమె వంగిపోయింది. మళ్ళీ నిటారుగా లేచి మురళీకృష్ణ చొక్కా పట్టుకుంది.

"కొత్త గొంతు పిలిస్తే బిడ్డ ఇంకింత ఉరుకుతది. నువ్వు పాడు."

"నేనా? నాకు... నాకు రాదు లాలమ్మా. మా ఇంట్లో మేము..."

"మీ ఇంటి సంగతి నాకెందుకు? నేను చెప్త, నువ్వు పాడు."

అతని చెవిలో గుసగుసగా మొదలుపెట్టింది. కొండల దిక్కు కన్నెత్తి చూస్తున్నా. నాకు సాయం ఎటునుంచి వస్తది. మురళీకృష్ణ నోరు తెరిచాడు. బాత్‌రూమ్‌లో కూడా పాడి ఎరగనివాడు. మొదటి మాట ఇంటికప్పు మీద రేకు ఈడ్చినట్టు వచ్చింది. లాలి అతని భుజం మీద అరచేత్తో తాళం వేస్తూ రాగం సాగదియ్యమని సైగ చేసింది. సాగదీశాడు. నీ కాలు జారనియ్యడు. నిన్ను కాసేటోడు కునుకు తియ్యడు, నిద్రపోడు. ఆ మాట దగ్గర అతని గొంతు వణికింది. ఆ వణుకు సరిగ్గా ఆ ఏడుపు రాగంలోదే. పగలు ఎండ కొట్టదు, రాత్రి వెన్నెల కొట్టదు. నీ పోకడ కాస్తడు, నీ రాకడ కాస్తడు.

చేలో ఎక్కడో దంట్లు విరుగుతున్న చప్పుడు. పందులో, పారిపోతున్న మనిషో తెలియలేదు. ఫోన్ లైటు కదులుతూనే ఉంది.

"మళ్ళ" అంది లాలి పెదాలతోనే.

మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి చెవిలో చెప్పక్కర్లేకపోయింది. కళ్ళు మూసుకుని, మెడ నరాలు తేలేలా పాడాడు. ఆ కాసేపు అతనికి చేను లేదు, కౌలు లేదు. గట్టు మీద నడుస్తున్న ఆ పిల్ల కాలు ఒక్కటే ఉంది.

లాలి చెయ్యి అతని భుజం మీద ఆగింది. కళ్ళు తెరిచాడు.

ఎర్రబల్బు లేదు. అక్కడ చీకటి.

ఫోన్ లైటు కూడా ఆగింది. తీగకు ఇవతల ఆగిందో అవతల ఆగిందో తర్వాత చూడటానికి మురళీకృష్ణకు ధైర్యం చాలలేదు. లాలి అప్పటికే చేలోకి దిగి, గడ్డిలో మెరుస్తున్న తీగను దాటి పోతోంది. అతను వెనకే నడిచాడు.

గుడిసె ముందు చందూలాల్ నిలబడి ఉన్నాడు. దించిన కొక్కెం గడ అతని చేతిలో ఉంది.

"రాందాసూ?" అన్నాడు చీకట్లోకి. "తమ్మీ, దించిన. చూడు, దించిన."

"నేనయ్యా. మురళీని."

చందూలాల్‌కి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. "మగగొంతు ఇనపడ్డది సారు. మా లాలి రాగంల మగగొంతు..." అని అక్కడే చతికిలపడ్డాడు.

హేమలత పరుగున వచ్చి తల్లిని పట్టుకుంది. "అమ్మా, నీకేమయింది? ఎవరమ్మా ఆ పాడింది? నేను సగం గట్టు మీద ఆగిపోయిన." లాలి కూతురి తల నుంచి పాదాల దాకా రెండు చేతులతో తడిమింది. చెప్పుల దాకా తడిమింది. తర్వాత చందూలాల్ ముందుకు వచ్చి నిలబడింది. రెండేళ్ళ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. ఆమెకు గొంతు లేదు. ఉన్నా ఏమనేదో!

వంగి, అతని చేతిలోంచి కొక్కెం గడ తీసుకుంది. అతను ఆపలేదు. గడను భుజాన వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని గట్టెక్కింది.

"లాలమ్మా, ఆగు. నేను బండి మీద దింపుతా" అన్నాడు మురళీకృష్ణ. "తీగ రేపు తీయించేస్తాను. నిజంగా. ఆ గడ..."

చందూలాల్ కింద నుంచి గొణిగాడు. "పోనీ సారు. బొంగులకేం కరువు? పొద్దుగాల ఇంకోటి కొట్టుకొస్త."

మురళీకృష్ణ తల చేను వైపు తిరిగింది. చేను అడవి వైపు అంచున మొక్కజొన్న దంట్లు ఫెళఫెళ విరగడం మొదలైంది. ఈసారి మనిషి కాదు. ఒకటి కాదు, మంద. ఆ చప్పుడు మీదుగా, గట్టు మీద నుంచి, హేమలత సన్నగొంతు పాట ఎత్తుకుంది. లాలి భుజం మీది కొక్కెం చివర కాసేపు ఆకాశం మీద నల్లగా కనిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, చెయ్యెత్తలేదు. మలుపులో పొదలు ఆ కొక్కేన్ని కూడా కప్పేశాయి.